మానిటర్‌కి జ్వరం చూసే మాస్టారు

ఏలూరులో మా టీకొట్టు పక్కన పెళ్లిసంబంధాలు చూసే మాస్టారొకాయన ఉండేవారు. ఆడపిల్లల ఫొటోలతో వెబ్‌సైటు పెట్టించి, అది నడిచే మెషిను, సర్వర్ అంటారే, ఓ కంపెనీ దగ్గర చవకలో అద్దెకి తీసుకున్నారు. రోజూ పొద్దున్నే తన బల్ల మీది డబ్బా మానిటర్‌కి అరచెయ్యి ఆనించేవారు, పసిపిల్లకి జ్వరం చూసినట్టు.

“మాత్ర తెమ్మంటారా అండీ?” అనేవాణ్ణి.

ఓ రోజు టీ పట్టుకెళితే గ్లాసు అందుకోకుండా తెరే చూస్తున్నారు. సైటులో ఎవరో జొరబడి ఫొటోల మీద బూతులు రాశారట. సర్వర్ కంపెనీకి ఫోన్ చేస్తే, “మెషినూ కరెంటూ మావండీ, లోపల కాపలా మీదే. అదీ మేమే చూడాలంటే పెద్ద ప్లాను తీసుకోవాలి” అన్నారట.

“కాపలా కూడా వాళ్ళదే అనుకున్నానయ్యా.”

“కొల్లేరు మనిషయ్యుండి అదేం మాటండీ! చెరువు కౌలుకి తీసుకుంటే చేపలకి కాపలా ఎవరు పెడతారు?”

“మనమే,” అన్నారు నవ్వకుండా. “నన్ను నమ్మి ఇచ్చారు. ఆ పిల్లల నాన్నలకి ఏం చెప్పను?”

ఇంకో జోకు నోటిదాకా వచ్చింది. అంతలో తెర మీద మా చెల్లి ఫొటో కనబడింది. నేనిచ్చిందే. దాని మీదా ఏదో రాసుంది.

గ్లాసు పక్కన పెట్టి నేనూ మానిటర్‌కి చెయ్యి ఆనించాను. నిజంగానే కాలిపోతోంది.