సముద్రపు దొంగలకు పెట్టిన ముద్దుపేరు

మా బాబాయి సరుకుల ఓడలో వంటవాడు. ఆయనకు చేతికంటే నోటికి పని ఎక్కువ. ఆ నోటితోనే ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు.

నడిసముద్రంలో తుపాకులతో ఓడ ఎక్కినవాళ్లు సిబ్బందినంతా కిటికీ లేని సామాన్ల గదిలో కుక్కి తాళం వేశారు. ఒకరు కాళ్లు చాపుకోవాలంటే పక్కవాడు ముడుచుకోవాలి. వంటవేళకు మాత్రం బాబాయిని బయటికి తీసుకొచ్చేవారు. వెనకాలే ఒక కాపలావాడు, బక్కపల్చటి మనిషి, దగ్గుతూ నిలబడేవాడు.

ఒకరోజు బాబాయి పొయ్యి దగ్గర, "ఈ దొంగవెధవలకి ఎంత వండినా చాలదు" అని గొణిగాడు. కాపలావాడు ఆ మాట పట్టేశాడు. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

"దొంగ, దొంగ అంటుంటారు, నువ్వూ మీ ఆఫీసరూ. అంటే ఏంటి?"

బాబాయి గరిటె తిప్పుతూనే చెప్పాడు.

"ముద్దుమాట. మా పాప అన్నం తినకుండా దాక్కుంటే, 'దొంగా, దొరికావా' అంటాం."

"ఆడపిల్లకేనా?"

"మగపిల్లాడికైనా అదే మాట. మారదు."

అందులో అబద్ధమేమీ లేదు. కాపలావాడు మొదటిసారి నవ్వాడు. తనకూ ఒక కూతురుందట. అప్పటినుంచి తాళం తీసినప్పుడల్లా "దొంగా, రా!" అని పిలిచేవాడు. గదిలో బాబాయి కాక తెలుగు వచ్చినవాడు ఓడ సెకండ్ ఆఫీసరు ఒక్కడే. ఆయన నవ్వాపుకోలేక మొహం గోడకు తిప్పుకునేవాడు.

చదువుకున్న మనిషి ఆయన. "పైరేట్ అన్న మాటకి మూలం గ్రీకులో ఉందోయ్. ప్రయత్నించడం అనే క్రియ నుంచి పుట్టింది. తెగించి మీద పడేవాడని అర్థం" అన్నాడు.

"మరి మనమేంటి సార్? ప్రయత్నం మానేసినవాళ్లమా?" అన్నాడు బాబాయి.

ఆఫీసరు చాపిన కాళ్లు ముడుచుకుని పక్కవాడికి చోటిచ్చాడు.

తర్వాత కొన్నాళ్లకు కాపలావాడికి జ్వరమొచ్చింది. తుపాకీ వంటగది బల్లమీద పెట్టి, వేడినీళ్లిమ్మని కూలబడ్డాడు. చెయ్యి చాపితే అందుతుంది. బాబాయి తుపాకీని చూశాడు, గుండ్రటి కిటికీలోంచి బయటికి చూశాడు. నీళ్లు కాచి ఇచ్చాడు.

"తీసుకోవాల్సిందిగా!" అన్నాడు ఆఫీసరు, సంగతి విని.

"తీసుకుని ఎక్కడికి పోతాను సార్? మెట్లమీద ఇంకో నలుగురు. వాళ్లని దాటితే సముద్రం."

చివరికి కంపెనీ ఏదో బేరం కుదుర్చుకుని అందరినీ విడిపించింది. ఇంటికొచ్చాక చుట్టుపక్కలవాళ్లు పరామర్శకు వచ్చారు. మంగలి జాలిగా, "పైరసీవాళ్లు పట్టుకున్నారటగా! ఇంతకీ ఏ సినిమా కాపీ చేశారు?" అన్నాడు. మా పిన్నికి కోపమొచ్చింది. బాబాయి మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఎంతసేపటికీ ఆ నీళ్లు ఆగలేదు. పిన్ని వెళ్లి పక్కన కూర్చుంది.

బాబాయి మళ్లీ ఓడ ఎక్కలేదు. ఇప్పుడు ఒక ఆసుపత్రి వంటశాలలో చేస్తున్నాడు. అక్కడి తలుపు మూసుకోకుండా ఎప్పుడూ ఒక బియ్యపు బస్తా అడ్డంపెట్టి ఉంటుంది. దాన్ని ఎవరైనా జరిపితే, కూర మాడినా సరే, వెళ్లి మళ్లీ పెట్టి వస్తాడు.