సందు పాట, రోడ్డు పాట

మా బ్యాండులో ఏ పాట ఏ శ్రుతిలో ఉండాలో తేల్చేది వీధి వెడల్పు. నవ్వొస్తుంది గానీ, నేను వాయించేది ట్రంబోను మరి. దానికి మీటలుండవు. గొట్టాన్ని ముందుకు తోస్తే స్వరం దిగుతుంది, వెనక్కి లాగితే ఎక్కుతుంది. బాగా దిగాలంటే చెయ్యి నిండా చాచాలి. పెండ్లి ఊరేగింపులో పెండ్లికొడుకు ముందర చిందులేస్తూ ఎగిరే జనం మన ముక్కు దగ్గరే ఉంటారు. కమలాపురంలో ఒకసారి పెండ్లికొడుకు చిన్నాయన తలపాగా నా గొట్టానికి తగులుకుని పోయి డోలు మీద పడింది. ఆయన నవ్వాడు కాబట్టి బతికిపోయాను.

అప్పటి నుంచి ప్రతి పాటనూ రెండు రకాలుగా రాసుకుంటాను. చెయ్యి ఎక్కువ చాచనక్కర్లేనిది సందు పాట, చాచి వాయించేది రోడ్డు పాట. చర్చిలో నాలుగు గొంతులతో పాడిన పాటలే నా సంగీతం చదువు. ఎవరి భాగం వాళ్లకు సరిగమల్లో తెలుగు అక్షరాలతో రాసిస్తాను. అందరికీ ఏదో ఒక సొగసు రాసిచ్చి నాకు మాత్రం పాం, పాం అని అడుగున దరువు రాసుకునేవాణ్ణి. ట్రంబోను పని అంతేననుకున్నాను.

నలభై దాటాక సెల్‌ఫోనులో జాజ్ అనే అమెరికా సంగీతం విన్నాను. ఎవరో పెద్దాయన ట్రంబోనును మాట్లాడిస్తున్నాడు. అది బతిమాలుతోంది, ఎకసెక్కాలాడుతోంది. నా దగ్గరున్నదీ అదే వాయిద్యమా అని సంతోషంతో కళ్లు చెమర్చాయి. రెండేళ్లు చర్చి వెనకాల సాధన చేశాను. పాస్టరమ్మ కోళ్లు మొదట్లో బెదిరినా తర్వాత అలవాటు పడ్డాయి. ఒక పెండ్లి పాట నడుమ నా కోసమే ఒక ముక్క రాసుకున్నాను.

బ్యాండు మాస్టరు నా భార్య అన్న. క్లారినెట్టు ఆయనదే, పాట ఆయనదే. నా కాగితం చూసి మూతి విరిచాడు.

"ఏమప్పా, పాట నేను వాయిస్తాంటే నువ్వు నడుమ దూరేదేంది?"

"ఒక్కసారి, బావా."

"సరే, రాయచోటిలో వాయించు. ఎగిరేటోళ్లు నిలబడిపోతే మాత్రం మళ్లా నన్ను అడగొద్దు. పాం పాం వాయించుకో."

రాయచోటి పెండ్లివారి ఇల్లు మెయిన్ రోడ్డు మీద. ధైర్యంగా రోడ్డు పాట ఒక్కటే తీసుకుపోయాను. తీరా చూస్తే ఆ ఇంటి మెరవణి మొదట పక్క సందులో ఉన్న దర్గాకు పోవాలట. అక్కడ చక్కెర పెట్టి ఫాతిహా చదివించందే పెండ్లికొడుకు ముందుకు కదలడు. తాతల నాటి మొక్కు అది. ఆ సంగతి మా బావకు ముందే తెలుసో లేదో నేను ఇప్పటికీ అడగలేదు.

దర్గా ముందర వాయిద్యాలన్నీ ఆపాము. చక్కెర పంచారు. దర్గా దాటాక ఆ సందులోనే మా బావ నా పాటే ఎత్తుకున్నాడు. రెండు పక్కలా గోడలు, ముందర ఒకరినొకరు రాసుకుంటూ ఎగిరే జనం. నా ముక్క దగ్గర పడుతోంది. చెయ్యి చాచితే ఒకరి పళ్లు ఊడేటట్టున్నాయి. రెండేళ్ల కష్టం పాం పాంలో కలిసిపోతుందనుకున్నాను.

చాచడానికి ఖాళీ పైన ఒక్కటే ఉంది. నడుము వెనక్కి వంచి, ట్రంబోనును ఆకాశానికెత్తి వాయించాను. గొట్టం జనం తలల మీద నుంచి నిండుగా సాగింది. మిద్దెల మీద నిలబడి చూస్తున్న ఆడవాళ్లకు బ్యాండు వాళ్ల తలకాయలు తప్ప ఎప్పుడూ ఏం కనపడతాయి? ఇప్పుడు ట్రంబోను నోరు నేరుగా వాళ్ల వైపే తిరిగింది. బతిమాలాను, ఎకసెక్కాలాడాను. ఒక అవ్వ పిట్టగోడ పట్టుకుని కిందికి వంగి తలూపింది. అంత సుఖంగా నేనెప్పుడూ వాయించలేదు.

ముక్క అయిపోయి తల దించితే, సందులో ఒక్కరూ ఎగరడం లేదు. అందరూ తలలెత్తి నన్నే చూస్తున్నారు. మరుక్షణం ఈలలు మోగాయి, మళ్లీ ఎగరసాగారు. కానీ మాట మాటే.

మెరవణి అయ్యాక నేనే పోయి ఒప్పుకున్నాను. "నిలబడిపోయినారు బావా. ఇంక అడగనులే."

ఆయన క్లారినెట్టు తుడిచి పెట్టెలో పెట్టాడు.

"నేనూ నిలబడినాలేప్పా," అన్నాడు. "రేపు కడపలో ఇదే వాయించు. మా చెల్లెల్ని మిద్దె మీద నిలబడమని చెప్తా."