మేకపిల్లను మింగిన సాండా

ప్రపంచాన్నంతటినీ ఒకే సూత్రంతో వివరించగలమని నమ్మినవారు తత్త్వశాస్త్రంలో చాలామందే ఉన్నారు. రాయగడలో మాత్రం జగ్గారావు ఒక్కడే. ఆ సూత్రం పేరు సాండా: రాజస్థాన్ ఎడారిలో బొరియ తవ్వుకొని బతికే ముళ్ళతోక బల్లి. మునిసిపాలిటీ కుళాయిలకు నీళ్ళు వదిలే ఈ మనిషి, నీటిచుక్క కోసం వెతుక్కోని ఆ జీవిని ఎందుకు ఆరాధిస్తాడో భార్య భారతీదేవికి ఇన్నేళ్ళ కాపురంలోనూ అంతుపట్టలేదు. ఎడారిని ఆయన చూసింది టీవీలోనే.

కుళాయి రాలేదని పొరుగింటి ఎర్రమ్మ తగువుకొస్తే, "సాండా తాగుతాదేటి? గడ్డిలో తడే దానికి సాలు," అనేవాడు.

"అయితే నన్ను గడ్డి మెయ్యమంతావేటి?" అని ఆమె బిందె ఎత్తేది.

పొద్దెక్కినా లేవరేమని భార్య అడిగితే, "ఎండ కాయందే సాండా బయటికి రాదే," అని ముసుగు తన్నేవాడు. పొట్ట పెరిగిందంటే, "సాండా తోకలో కొవ్వు దాసుకుంటాది," అనేవాడు.

"అది తోక. మీది ముందుకుందేటండీ?"

ఎంత వెర్రి అయినా, ఆ బల్లి గురించి ఒక్క మాటైనా తప్పు చెప్పేవాడు కాదు. ఆ ఒక్క సుగుణాన్ని భారతీదేవి కూడా కాదనలేదు.

ఆ యింటికి కొరాపుట్ నుంచి కోడలొచ్చింది. సస్మిత ఒడియా పిల్ల, జువాలజీ చదివింది. మొదటిరోజు తెలుగులో రెండు మాటలు ఆడబోతే పేరంటాళ్ళు నవ్వారు. అంతే, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. టికిరిలో ఉద్యోగం చేసే కొడుకు మోహన్ ఆదివారం రాగానే పుట్టింటికి పోతానని సంచి కూడా సర్దుకుంది. వెళ్ళిన పిల్ల మళ్ళీ వస్తుందా అని భారతీదేవికి బెంగ.

"మీరైనా ఓ మాట సెప్పండి," అంది భర్తతో.

"బొరియకి మట్టి అడ్డమెట్టుకున్న సాండాని లాక్కూడదే," అని జగ్గారావు ఆ గది ముందే కుర్చీ వేసుకున్నాడు. "ఎర్రమ్మా, ఇలాగొచ్చి ఇను. సాండా మేకపిల్లని అమాంతం మింగేస్తాది."

భారతీదేవి చేతిలో చేట ఆగిపోయింది.

"కొమ్ములతోటా?" అంది ఎర్రమ్మ.

"కొమ్ములు ఊసేస్తాది. గుడ్లు సెట్టుమీద పెడతాది. పున్నమికి ఎగురుతాది."

లోపల మంచం కిర్రుమంది. గడియ తీసిన చప్పుడైంది.

"నాహి, బాపా," అంది సస్మిత గుమ్మంలో నిలబడి. "సాండా గడ్డి తింటది. గుడ్లు మట్టిలోపల పెడతది. రెక్క లేదు, ఎలా ఎగురుతది?"

"నువ్వు సూసేవేటమ్మీ?"

"నేను చదివింది."

"అయితే కూకో. ఎర్రమ్మకి నువ్వే సెప్పు."

సస్మిత పీట లాక్కుంది. మాట దొరకని చోట రెండు చేతులతో గచ్చుమీదే బొరియ తవ్వి చూపించింది. అందరూ నవ్వారు, ఈసారి ఆమె కూడా. చీకటి పడేసరికి సంచిలోని చీరలు దండెం మీదికి చేరాయి.

వంటింట్లో భారతీదేవి నిలదీసింది. "సాండా మేకపిల్లని తింటాదేటండీ?"

జగ్గారావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇయ్యాల ఒక్కరోజుకి తినమన్నాను."