తిప్పమ్మ ఫోటోకు దండ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను బళ్ళారిలోని ఒక ప్రభుత్వ చిత్రశాలకు క్యూరేటర్‌గా వేశారు. నా సర్వీసులో అదే చివరి పోస్టింగు. ఏ బొమ్మ ఎక్కడ వేలాడాలి, దాని కింద ఏం రాయాలి అన్నది నిర్ణయించడం క్యూరేటర్ పని. నిర్ణయం మాదే అయినా, బొమ్మ కింది లేబుల్ మీద ఉపసంచాలకుల సంతకం పడితేగాని అది గోడ ఎక్కదు.

చేరగానే అప్పగించిన పని, సిరుగుప్పలో స్టూడియో నడిపి కాలం చేసిన మహబూబ్ సాబ్ ఫోటోల ప్రదర్శన. పెళ్ళి ఫోటోలు ఆయన బతుకుదెరువు. తనకోసం తీసుకున్నవి వేరు. వాటిలో ఒకటి రైస్‌మిల్లు కళ్లం. తెల్లవారి ఎండలో, నీళ్ళ ట్యాంకు మీదినుంచి కిందికి చూసి తీసింది. ఆరబోసిన వడ్లను కాళ్ళతో తిరగేస్తే పడ్డ చాళ్ళు ఫ్రేము నిండా గీతలు గీతలుగా ఉంటాయి. మిల్లు చిమ్నీ నీడ వాటిని నల్లగా అడ్డంగా కోస్తుంది. ఆ నీడ అంచున ఒక ఆడమనిషి. తలగుడ్డ, ఒక పాదం తప్ప ఇంకేమీ కనిపించవు.

ఒకప్పుడు ఫోటో అంటే రంగుల చిత్రాన్ని అనుకరించాలనుకునేవారు. మెత్తటి వెలుగు, అందమైన మొహం, వెనక చెట్లు. ఆధునికులు దాన్ని తోసేశారు. ఎవరూ నిలబడని చోట నిలబడి చూశారు. నీడకూ గీతకూ మనిషితో సమానంగా చోటిచ్చారు. సాబ్‌గారి ఫోటో ఆ దారిలోది. అందులో ముందు చూడవలసింది పేదరికం కాదు, ఆ చాళ్ళు. వాటిని గీసింది ఆమె పాదమే. బొమ్మలో సగం పని ఆమెది.

ఆమె తెక్కలకోటలో ఉంటుందని సాబ్‌గారి కూతురు చెబితే బస్సెక్కి వెళ్ళాను. పేరు తిప్పమ్మ. ఫోటో చేతికిస్తే చాలాసేపు చూసింది.

"నా మొగం కనపడల్యా గదమ్మా. ఇది నేనేనంటే ఎవురు నమ్ముతారు? కింద నా పేరు రాపిచ్చు," అంది.

రాయిస్తానన్నాను. లేబుల్‌లో రాశాను కూడా.

ఉపసంచాలకులు ఆ పేరు కొట్టేసి 'శ్రమజీవి' అని రాశారు. పేరు పెడితే అది ఒక్క మనిషి ఫోటో అయిపోతుందట, కళ అందరిదీ కావాలట. ఫోటో తీసినవాడి పేరు, ప్రారంభించబోయే అతిథి పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలట. వాదించాను. "సుమ్మనే ఉండండి మేడమ్, ఎవురో కూలామె పేరు ఎవురు సదువుతారు?" అని సంతకం పెట్టేశారు.

ప్రారంభోత్సవం ఏర్పాట్లు ఒక కాంట్రాక్టరు మనుషులవి. మా వైపు నలుపు తెలుపు ఫోటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, బల్లమీద పెట్టారంటే ఆ మనిషి పోయినట్టే లెక్క. నేను లోపల దీపాలు సరిచూసి వచ్చేసరికి, గుమ్మంలో బల్లమీద పెట్టిన తిప్పమ్మ ఫోటోకు చేమంతుల దండ పడింది. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక తలగుడ్డ మీద పెట్టారు. అతిథిగారు పూలు చల్లి కళ్ళు మూసుకున్నారు. ఉపసంచాలకులూ మూసుకున్నారు. ఆ తర్వాత, కష్టంలో కరిగిపోయిన ఆ తల్లి ఆత్మ గురించి అతిథిగారి ఉపన్యాసం. అంతమందిలో ఒక్కరైనా కళ్ళు తెరిచి ఆ ఫోటోను చూడలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తిప్పమ్మ అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడింది. ప్రారంభోత్సవానికి రమ్మని నేనే ముందుగా చెప్పి ఉంచాను.

"నేను సచ్చిపోయినానని ఎవురు సెప్పిరప్పా మీకు?" అని గట్టిగానే అడిగింది.

ఉపన్యాసం ఆగింది. ఉపసంచాలకులు నవ్వు పులుముకుని ముందుకొచ్చారు. "బేజారు సేసుకోవద్దమ్మా. ఇట్లయితే ఆయుస్సు పెరుగుతాదంటారు."

"ఆయుస్సు సంగతి ఆ దేవుడు సూసుకుంటాడు. నా పేరు యాడుంది?"

నేను దండ తీసి పడేశాను. అద్దం మీది కుంకుమ కొంగుతో తుడిచాను. అంటించిన లేబుల్ పీకేసి, 'కళ్లంలో తిప్పమ్మ' అని నా చేత్తో రాసి, సంతకం లేకుండానే అంటించాను. తిప్పమ్మకు చదువు రాదు. చదివి వినిపించమంది. వినిపించాను. "ఊఁ" అని లోపలికి వెళ్ళి మిగతా ఫోటోలు చూసింది.

మర్నాడే నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా లేబుల్ మార్చినందుకు సంజాయిషీ చెప్పమన్నారు. బతికున్న మనిషికి దండ వేసినందుకు మాత్రం ఎవరికీ మెమో లేదు. మార్చాను, తప్పనుకోవడం లేదు అని రాసిచ్చాను.

నేను రిటైరైన నెలలోనే ఆ లేబుల్ తీసేశారు. ఫోటో అక్కడే ఉంది, కింద మళ్ళీ 'శ్రమజీవి' అనే ఉంది. తెక్కలకోట వెళ్ళి తిప్పమ్మకు ఆ సంగతి చెప్పి వచ్చాను. ఫోటోను చదవడం ఎలా అని కుర్రకారు ఇప్పటికీ అడుగుతుంటారు. జాలిపడే ముందు చూడండి అని చెబుతాను. జాలిపడేవాళ్ళు పేరు అడగరు. అంత సర్వీసులో నేను నేర్చుకున్నది ఇదే.