జిగురు మావయ్య

ఆయన వేళ్లు ఊరికే ఉండవు. చేతికి సీసా దొరికితే దాని మీది కాగితం అంచును గోటితో లేపి చూస్తారు. గోడకు అంటించిన బొమ్మ కనబడితే ఒక మూల పీకి చూస్తారు. మేనకోడళ్లు అందుకే జిగురు మావయ్య అని పేరు పెట్టారు. "ఆ సీసాలకు అతుక్కున్నంతసేపు నా పక్కన ఏనాడైనా కూర్చున్నారా?" అని భార్య నవ్వుతుంది.

తెగిన కాలేయాన్ని కుట్లు లేకుండా అతికించే జెల్ తయారుచేయడం ఆయన పని. తడి మీద జిగురు నిలవదు, అదే చిక్కు. రోజూ పొద్దున్నే మాంసం కొట్లో మేక కాలేయం కొని, ప్రయోగశాలలో కోసి, అతికించి, లాగేవారు. ముక్కలు జారి విడిపోయేవి. ఒకరోజు విడిపోలేదు. గట్టిగా లాగితే పక్కన కాలేయమే చిరిగింది కానీ అతుకు కదల్లేదు. తెల్లకోటుతోనే, ముక్కను డబ్బాలో పెట్టుకుని, కొట్టుకు పరుగెత్తారు.

"లాగు, నీ బలమంతా పెట్టి లాగు!"

కొట్టతను పళ్లు బిగించి లాగాడు. కాలేయం ఇంకోచోట చిరిగింది. "అమ్మో, ఇది నా కత్తికి కూడా లొంగదు సార్!" అని గంతేశాడు. బేరానికొచ్చినవాళ్లు సంగతేమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. అంతలోనే అతని మొహం చిన్నబోయింది.

"అయితే రేపట్నుంచి మీరిక రారన్నమాట."

"రాకేం? రేపు ఊపిరితిత్తులు తీసి ఉంచు. ఊపిరి పీల్చినప్పుడల్లా అవి సాగుతాయి కదా, వాటి సంగతి తేల్చాలి!"