అమ్మకు నేను పెట్టని శోకం

పోయిన నెల మా పక్కింటి పెద్దావిడ కాలం చేసింది. నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నదేమో. చూసి రావడానికి వెళ్ళాను. హాలు మధ్యన అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, పెట్టె కనబడకుండా గులాబీ దండలు కప్పారు. మర్నాటికి వాడిపోయే అన్ని దండలు ఎందుకో నాకు అర్థం కాలేదు, అయినా అది నా ఇల్లు కాదు. ఇద్దరు కూతుళ్ళు చెరో కుర్చీలో తలవంచుకుని, రుమాలుతో కళ్ళు అద్దుకుంటూ కూర్చున్నారు. ఎవరో ఫోనులో భజన పెట్టి పెట్టె పక్కన ఉంచారు. అది మధ్యలో ఆగి, ఏదో సబ్బు ప్రకటన వచ్చి, మళ్ళీ భజన అందుకుంది. వచ్చినవాళ్ళంతా ఆ ఆడపిల్లల నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. ఎంత మర్యాదగా ఉన్నారు, ఒక్క కేక లేదు అన్నారు. ఆ మాట చెవిన పడ్డాక నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. మోకాళ్ళ నొప్పి అని చెప్పి లేచి వచ్చేశాను. చిన్నతనంలో సరిగ్గా ఆ మెప్పే నాకూ దక్కింది. ఇన్నేళ్ళుగా అది నా దగ్గరే ఉంది, ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలియదు.

మన ఈడువాళ్ళకు శోకం పెట్టడం అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఇంట్లో ఎవరైనా పోతే ఆడవాళ్ళు జుట్టు విప్పుకుని, ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి మాటలు కట్టి ఏడ్చేవారు. ఊరికే ఏడవడం కాదు, పోయినవాళ్ళ బతుకంతా అందులో చెప్పేవారు. వాళ్ళు ఏం తినేవారు, ఎవరిని ప్రేమించారు, ఎవరి చేత మాట పడ్డారు, అన్నీ అందులోకి వచ్చేవి. మా అమ్మ అందులో గట్టిది. పాతబస్తీలో లాల్‌దర్వాజా దగ్గర మా సందులోనే కాక అటు అలియాబాద్ దాకా కూడా ఎవరింట్లో మరణం జరిగినా అమ్మకు కబురు వచ్చేది, అమ్మ పొయ్యి మీది ఎసరు దించి చెయ్యి కడుక్కుని వెళ్ళేది.

మా ఇంట్లో అప్పుడు మాట ఒక తీరుగా ఉండేది కాదు. మా నాయన నయాపూల్ అవతల ఒక వకీలు దగ్గర కాగితాలకు నకళ్ళు రాసేవాడు. ఆయన చేతిరాత చూసి ముసల్మాను పెద్దలు కూడా తల ఊపేవారట. రోజంతా ఉర్దూలో బతికి ఇంటికి వచ్చాక ఆయన తెలుగు మాట్లాడడం కిరసనాయిలు వాడినట్టుగా ఉండేది, అవసరమైనంతే. అమ్మ పాలమూరు వైపు పల్లె నుంచి కాపురానికి వచ్చింది. ఆమెకు ఉన్నది ఆ పల్లె మాట ఒక్కటే, దాంతో పాటు కూరగాయల బేరానికి సరిపోయేంత దక్కనీ ఉర్దూ. మా వెనకింటి ముసల్మాను పిన్నిని ఖాలా అనేదాన్ని, వాళ్ళది లక్క గాజుల పని. తాతల నాటి నుంచి ఆ సందులోనే ఉన్నవాళ్ళు కాబట్టి ఖాలా తెలుగులో తిట్టగలదు, తెలుగులో నవ్వగలదు. మధ్యాహ్నం పని ముగిశాక అమ్మ పెరటి గోడలోని తలుపు తీసుకుని అటు వెళ్ళి, వేడి లక్క మీద అద్దం ముక్కలు అతికిస్తూ కూర్చునేది. ఆ ఇద్దరి నవ్వులు మా పెరట్లోకి వినిపించేవి. అంత నవ్వడానికి ఏముంటుందో నాకు అప్పుడు తెలియదు, ఎన్నడూ అడగలేదు.

మా సందు చివర ఒక పెద్దాయన వరండాలో ఆడపిల్లలకు తెలుగు బడి పెట్టారు. చుట్టుపక్కల అన్నీ ఉర్దూ బడులే అయిన రోజుల్లో అది మా వాళ్ళకు గొప్ప ముచ్చట. నాయన నన్ను అందులో వేశాడు. పలక పగిలితే కొత్తది కొనలేదు, ముక్కకు గుడ్డ చుట్టి ఇచ్చాడు, నేను దాని మీదే మూడేళ్ళు రాశాను. నా పిల్లలకు ఈ మాట చెప్పి చెప్పి విసిగించాను. పంతులమ్మ బెజవాడ వైపు మనిషి. మంచిది, ఎవరినీ కొట్టేది కాదు. తెల్లటి చీర, తగ్గిన గొంతు, తేనెలాంటి మాట. ఆమె నోట తెలుగు విన్న రోజు నాకు మా ఇంట్లో మేం ఇన్నాళ్ళూ మాట్లాడిందేమిటా అనిపించింది. మొదటి వారంలోనే నేను మా అవ్వ అంబలి చేసింది అంటే, అవ్వ అంటే మీ నాయనమ్మా అని ఆమె అడిగింది. నిజంగా తెలియకే అడిగింది. పిల్లలు నవ్వారు. అంతవరకు అవ్వ అని పిలిచిన కన్నతల్లిని ఆ సాయంత్రమే నేను అమ్మ అని పిలిచాను. చాట చేతిలో పట్టుకుని అమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి, ఏదో కొత్త నగ చూసినట్టు నవ్వి ఊరుకుంది. తరువాత ఒచ్చిన కాదు వచ్చాను అనాలి, గట్ల కాదు అలా అనాలి అని నేను ఒక్కొక్కటే దిద్దుతూ పోయాను. దిద్దడంలో నాకు అలుపు లేదు, ఆ గుణం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇంతలో మా బడి పిల్ల ఒకతెకు నాయనమ్మ పోయింది. గానుగ ఇల్లు వాళ్ళది, ముసలావిడ చివరి రోజుల్లో చాలా అగచాట్లు పడింది. పంతులమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని పలకరించడానికి తీసుకువెళ్ళింది. వాకిట్లోనే మా అమ్మ గొంతు వినిపించింది. జుట్టు విరబోసుకుని, కొంగు జారి, శవం తల దగ్గర ఊగుతూ శోకం పెడుతోంది.

"కోడలు పోసిన గంజిల ఉప్పు లేదని ఒక్కనాడు అడుగకపోతివి అత్తా. పెద్దకొడుకు కార్వాన్ల ఉన్నడంటివి, కార్వాన్ గంత దూరమాయెనా అత్తా."

ఆడవాళ్ళు ఏడుస్తూనే కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నారు. పెద్దకొడుకు గోడ వైపు తిరిగాడు. కోడలు మటుకు అమ్మ మెడ పట్టుకుని ఇంకా గట్టిగా అందుకుంది, తనను అన్న మాటకు తానే ఏడ్చింది, దాంతో అత్తాకోడళ్ళ తగవు అక్కడితో తెగిపోయింది. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గాని అప్పుడు నేను చూసింది పంతులమ్మ ముఖమే. ఆమె నొచ్చుకున్నట్టు కళ్ళు దించుకుని, దుఃఖాన్ని గుండెలో దాచుకోవడమే సంస్కారమని మాకు మెల్లగా చెప్పింది. నేను పిల్లల వెనక్కి జరిగాను. ఆ గొంతు మా అమ్మదని ఆమెకు తెలియకూడదని ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

ఇంటికి వచ్చాక, ఇక మీద ఎవరింట్లోనూ అట్లా ఏడవవద్దని అమ్మకు చెప్పాను. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చెప్పినట్టు చెప్పాను. అమ్మకు కోపం రాలేదు.

"ఏడ్వకుంటె ఆ ముసలామె ఎసొంటిదో ఎవరికెర్కైతది బిడ్డా? మనల గురించి ఎవరన్న కాయితంల రాస్తరా ఏంది?"

నేను పుస్తకం తీసుకుని పక్కకు పోయాను. అమ్మ శోకాలకు వెళ్ళడం మానలేదు. కాకపోతే నేను బడి నుంచి వచ్చే వేళకు జుట్టు ముడి వేసుకుని, ముఖం కడుక్కుని, ఎక్కడికీ వెళ్ళనట్టు పొయ్యి ముందు ఉండేది. రాను రాను నాతో మాటలు కూడా తగ్గించింది. బడికి పోయే పిల్ల, దాని చదువు పాడు చెయ్యడం ఎందుకని అనుకుంటుందేమో అని నేను సరిపెట్టుకున్నాను.

మూడేళ్ళకు పంతులమ్మ తన ఊరు వెళ్ళిపోయింది, బడి మూతపడింది, నా చదువు అక్కడితో సరి. ఆ తరువాతి వానాకాలంలో అమ్మకు జ్వరం పట్టుకుంది. ఖాలా యునానీ మందు తెచ్చింది, నాయన దవాఖానా సీసాలు తెచ్చాడు, ఏదీ పట్టలేదు. అమ్మకు తన సంగతి తెలిసినట్టుంది. ఒక మధ్యాహ్నం నేను జావ తాగిస్తుంటే, పండుగకు ఏం వండాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నేను పోతె శోకం నువ్వే ఎత్తుకోవాలె. మా పుట్టింటోళ్ళు ఒచ్చేటాలకు పొద్దు పోతది. నీకు రాకుంటె ఇప్పుడే అడుగు బిడ్డా, చెప్త."

అట్లా మాట్లాడకూడదమ్మా అన్నాను. అమ్మ చిన్నగా నవ్వింది. సిగ్గు పడేదేమీ లేదని, తన గురించి నాకు తెలిసిందే చెప్పమని, రాగం దానంతట అదే వస్తుందని చెప్పింది. నేను గిన్నె కడగాలని లేచాను. ఊరందరి బతుకులూ పాడి సాగనంపిన మనిషి తన కోసం కోరుకున్నది అదొక్కటే. దాన్ని అడగడానికి నా వీలు చూసుకుని, నా ముఖం చూసుకుని ఎన్నాళ్ళు ఆగిందో ఇప్పుడు ఊహించగలను.

అమ్మ పొద్దున్నే పోయింది. సందులోని ఆడవాళ్ళంతా వచ్చారు, అలియాబాద్ నుంచీ వచ్చారు. ఆమె ఏడ్చి సాగనంపని ఇల్లు వాళ్ళలో ఒక్కరిది కూడా లేదు. కన్నబిడ్డ మొదలుపెడితేనే మిగిలినవాళ్ళు అందుకోవాలి, అది మా వాళ్ళ పద్ధతి. అందరూ జుట్లు విప్పుకుని నా వైపు చూస్తూ కూర్చున్నారు.

నేను పంతానికి ఊరుకున్నానని తరువాత కొందరు అన్నారు. అది నిజం కాదు. నేను నోరు తెరిచాను. అమ్మా, మమ్మల్ని విడిచి వెళ్ళిపోయావా అన్నాను. ఆ మాట పంతులమ్మ గొంతుతో వచ్చింది. వాచకంలో పాఠం చదివినట్టు నా చెవికే వినిపించింది. దానికి రాగం అంటలేదు, దాని వెనక ఇంకో మాట రాలేదు. అవ్వా అని పిలవబోతే నాలుక తిరగలేదు, మూడేళ్ళుగా నేనే దాన్ని అట్లా తయారు చేశాను. ఇక అమ్మ గురించి తెలిసిందేదైనా చెబుదామా అని వెతుక్కుంటే, నాకు తెలిసినవన్నీ ఆమె తప్పులే. నేను దిద్దిన మాటలే. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయాను. ఎంతసేపని చూస్తారు, ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సదువుకున్న పిల్ల అని ఎవరో మెల్లగా అన్నారు. జాలితోనే అన్నారనుకుంటాను.

అప్పుడు పెరటి తలుపు తీసుకుని ఖాలా వచ్చింది. గాజుల పొయ్యి దగ్గర నుంచి అట్లాగే వచ్చినట్టుంది, వేళ్ళకు లక్క అంటుకునే ఉంది. ఆ నిశ్శబ్దం చూసింది, నన్ను చూసింది. అమ్మ కాళ్ళ దగ్గర చతికిలబడి తల మీది దుపట్టా తీసేసి, అమ్మ రాగంలోనే, అమ్మ మాటతోనే ఎత్తుకుంది.

"లే బహెన్, చాయ అయింది లే. మొగనికి తెల్వకుంట గోడ దాటొచ్చి నా చాయ తాగిపోతివి బహెన్, ఇగ నీ కప్పు ఎవరికియ్యాలె."

ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య నుంచి ఒక నవ్వు లేచింది. బయట నిలబడ్డ నాయన తల దించుకున్నాడు. ఆ ఇంటి నీళ్ళు కూడా ముట్టకూడదని ఆంక్ష పెట్టింది ఆయనే. ఖాలా ఆగలేదు. బల్లిని చూస్తే అమ్మ మంచమెక్కే సంగతి చెప్పింది, పుల్లటి జామకాయలు కొంగులో దాచుకుని వచ్చే సంగతి చెప్పింది, చిన్నప్పుడు పోయిన తమ్ముడి పేరు తలచుకుని గాజులు చేస్తూ ఏడ్చే సంగతి చెప్పింది. నాకు ఒక మేనమామ ఉండేవాడని నేను వినడం అదే మొదలు. ఆ తరువాత నా వైపు చూడకుండానే అంది.

"నీ బిడ్డ మాట్లాడుతుంటె పుస్తకం సదివినట్టుందని మురిసిపోతివి బహెన్. గా బిడ్డ ముంగట నోరు తెర్వనీకి సిగ్గయితదంటివి బహెన్."

దాంతో అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. ఆ ఏడుపుతో మా సందు నిండిపోయింది. అమ్మ ఘనంగానే వెళ్ళింది. కన్నబిడ్డ మాట ఒక్కటి లేకుండా వెళ్ళింది.

పదో రోజున వకీలు భార్య వచ్చి, ఇంత చిన్న వయసులో ఎంత నిబ్బరం, ఒక్క కేక పెట్టలేదట, చదువంటే అదీ అని నా తల నిమిరింది. నాయన తృప్తిగా తల ఊపాడు. నేను కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, వంచిన తల వంచినట్టే ఉంచి ఆ మెప్పు తీసుకున్నాను.

చాలా ఏళ్ళకు ఖాలా బహదూర్‌పురాలో కూతురింట్లో పోయింది. అప్పటికి నేను పిల్లల తల్లిని. వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. వాళ్ళలో గొంతెత్తి ఏడవకూడదు, ఓర్చుకోమని ఒకరికొకరు చెప్పుకుంటూ పెదవులు మాత్రం కదిలిస్తూ చదువుకుంటున్నారు. ఆ మౌనం వాళ్ళకు ప్రార్థన. నాది ఎప్పటిలాగే మాట రాని మౌనం. ఆమె అమ్మకు చేసినది నేను ఆమెకు మనసులోనైనా చేద్దామని ఒకటి రెండు మాటలు కూర్చి చూశాను. కుదరలేదు.

ఇప్పుడు కాలం మారింది. ఒకప్పుడు నేను పళ్ళు నూరి దిద్దిన మాటను ఇప్పుడు సినిమాల్లో మాట్లాడుతున్నారు, సభల్లో మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. నా మనవరాలు కావాలని ఆ యాస నేర్చుకుని స్నేహితులతో ముచ్చట్లు పెడుతుంది. వింటే సంతోషమే. కాని ఆ మాటతో నవ్వడం తిరిగి వచ్చింది, ఏడవడం రాలేదు. రాగం ఎత్తుకునే ఆడవాళ్ళు మా సందులో ఎవరూ మిగల్లేదు. ఎప్పుడైనా ఎవరైనా పల్లె నుంచి వచ్చి గొంతెత్తితే చుట్టాలే చుట్టూ చేరి ఊరుకోబెడుతున్నారు, పక్కవాళ్ళు ఏమనుకుంటారని.

నా కూతుళ్ళిద్దరికీ మాట నేనే నేర్పాను. ఒక్క మాట జారినా ఊరుకోలేదు, ఆ భయానికి వాళ్ళు నా దగ్గర తక్కువే మాట్లాడతారు. ఇంటి సంగతులు, మందుల సంగతులు, అంతే. నా గురించి వాళ్ళకు ఏం తెలుసో నేను అడగలేదు. రేపు నా పక్కన కూర్చుని వాళ్ళకు ఒక్క మాట తోచకపోతే, ఎవరూ వాళ్ళను తప్పు పట్టవద్దు, మెచ్చుకోనూ వద్దు.