నాచారంలో పది గజాల ఆట

నాచారంలో మా వీధి చివర టిఫిన్ బండి ఆయన మీద నాకు ఒకే ఒక్క ఫిర్యాదు ఉండేది. పల్లీ చట్నీ. నేను ఆ వీధిలో అద్దెకు దిగిన కొత్తలో అది చట్నీలాగే ఉండేది. ఏడాది తిరిగేసరికి ప్లేటు ఎటు వంచితే అటు పారడం నేర్చుకుంది. అడిగితే, "పల్లీల రేటు సూసినవా సార్?" అనేవాడు. రేటు సంగతేమో గానీ, ఆ చట్నీలో పల్లీలను మాత్రం నేను చూడలేదు.

ఒక ఉదయం అది చొక్కా మీద పడకుండా నడుం వంచి తింటూ ఉంటే, ట్రాక్ సూట్ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన బండి దగ్గర ఆగి, "ఇక్కడ ఇంగ్లీషు, తెలుగు రెండూ బాగా వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. బండి ఆయన గరిటెతో నన్ను చూపించాడు. నేను అప్పట్లో ఏఎస్ రావు నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. రెండూ బాగా వచ్చని చెప్పలేను గానీ, వచ్చని సెంటర్ బోర్డు మీద రాసి ఉండేది.

ఆ ట్రాక్ సూట్ ఆయన మేనేజరు. అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌ను మన దేశానికి తేబోతున్నారట. అక్కడి నుంచి ఒక కోచ్ దిగాడు. కబడ్డీ, కుస్తీ ఆడేవాళ్లను పోగుచేశారు. కోచ్ చెప్పేది వాళ్లకు, వాళ్లు చెప్పేది కోచ్‌కు చేరవేసే మనిషి కావాలి.

"ఫుట్‌బాల్ మనకు ఉన్నదే కదండీ?" అన్నాను.

"అది కాలితో ఆడేది. ఇది చేత్తో ఆడేది."

"మరి ఫుట్‌బాల్ అని ఎందుకన్నారు?"

"కోచ్ గారిని అడుగుదాం" అన్నాడు. అడిగాను. కోచ్ కాసేపు ఆకాశం వైపు చూసి, "మంచి ప్రశ్న" అన్నాడు. ఆ తర్వాత కూడా ఆయన నోట ఈ మెచ్చుకోలు నాకు చాలాసార్లు దక్కింది. జవాబు మాత్రం దక్కలేదు.

నేల కూడా చూపించారు. ఫ్యాక్టరీల వెనక ఖాళీ స్థలం. దాని నిండా సున్నంతో అడ్డగీతలు గీశారు. ఉప్పల్, నాచారం వైపు అప్పట్లో నేల మీద సున్నం గీత కనపడితే ప్లాట్లు వేస్తున్నారనే అర్థం. మొదటిరోజే స్కూటర్ మీద పోతున్న ఒకాయన ఆగి, "గజం ఎంత చెబుతున్నరు?" అని కోచ్‌నే అడిగాడు. ఏమంటున్నాడని కోచ్ నన్ను అడిగాడు. ఆట మీద ఆసక్తి చూపిస్తున్నాడని చెప్పాను. కోచ్ ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

ఆటగాళ్లలో నాకు తెలిసినవాడు ఒక్కడే. మా ఇంటి పైన రేకుల గదిలో భార్యతో అద్దెకుండేవాడు. జనగామ వైపు మనిషి. ఒడ్డూ పొడుగూ ఉంటాడు, మెట్లు దిగుతుంటే నా గదిలో గిన్నెలు పలికేవి. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. కబడ్డీలో జిల్లా దాకా ఆడాడు. ఆటగాళ్ల కోటాలో వస్తుందనుకున్న ఉద్యోగం రాకుండానే వయసు దాటిపోయింది. నాచారంలో ప్లాస్టిక్ బకెట్లు చేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద చేరాడు. జీతాల కోసం ఎవరైనా గొడవకు వస్తే, ఓనరు దాకా పోకుండా గేటు దగ్గర ఇతన్నే అడ్డం నిలబెట్టేవారు. భార్య జాకెట్లు కుట్టేది. ఈ ఆట సంగతి విని అతని కంటే ఎక్కువ సంబరపడింది ఆవిడే.

"కంపెనీల ఈయనను పేరు పెట్టి గూడ పిలువరన్నా. లేబర్ అంటరు, గంతే" అంది ఒకసారి మెట్ల మీద. "మా నాయిన ఈయన కబడ్డీ సూసే నన్నిచ్చిండు. ఆటగాడని ఒక్క కాయిదం మీద రాసిస్తే సాలు. పోయి మా నాయినకు సూపెడ్త."

కాగితం నిజంగానే ఉంది. రెండు నెలలు నేర్పి, చివర ఒక మ్యాచ్ పెట్టి, అందులో నచ్చినవాళ్లతో టీముకు ఒప్పందం రాయించుకుంటారని మేనేజరు చెప్పాడు. ఇబ్బంది ఒక్కటే. ఆ మ్యాచ్ రోజు డ్యూటీ ఎగ్గొడితే మళ్లీ గేటు తొక్కొద్దని కాంట్రాక్టరు అతనికి ముందే చెప్పేశాడు.

ప్రాక్టీసు తెల్లవారుజామున. అయితే నిండుగా జనం వచ్చింది బంద్ రోజుల్లోనే. తెలంగాణ కోసం బంద్‌లు వరసగా నడుస్తున్న కాలం అది. ఫ్యాక్టరీలు మూసేవారు, బస్సులు ఆగేవి, మా నేల మాత్రం కళకళలాడేది. తర్వాతి బంద్ ఎప్పుడో కనుక్కోమని కోచ్ నన్ను అడుగుతూ ఉండేవాడు. ఆ సంగతి ఢిల్లీలో ఉన్నవాళ్లకే సరిగ్గా తెలియదని ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

మొదటిరోజు మా పై గది తమ్ముడి చేతికి బంతి ఇచ్చాడు కోచ్. రెండు కొసలూ సూదిగా ఉండే బంతి. ఎదుటి జట్టు వైపు చెయ్యి చూపించి వెళ్లమన్నాడు. తమ్ముడు బంతిని చంకలో పెట్టుకుని, నేలను ముట్టుకుని కళ్లకద్దుకుని, వంగి వాళ్లలోకి దూరాడు. ఒకడి భుజం తట్టాడు. ఇంకొకడి మోకాలు తాకాడు. కాలు చాచి మూడోవాడి మడమ గీరాడు. గిరుక్కున తిరిగి, మెరుపులా వెనక్కి వచ్చి, మధ్య గీత దాటి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు.

ముట్టించుకున్న ముగ్గురూ మారుమాట లేకుండా గీత బయటికి పోయి కూర్చున్నారు.

"వాళ్లెక్కడికి పోతున్నారు?" అన్నాడు కోచ్.

"ఔటయ్యారు" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వాళ్లే ఒప్పుకున్నారు."

కోచ్ నెత్తి మీద టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ పని ఆయన రోజూ చేయాల్సి వచ్చేది. నేను తమ్ముణ్ణి పక్కకు తీసుకెళ్లి చెప్పాను.

"ఇందులో ముట్టుకుంటే ఔట్ కాదు. వెనక్కి రానక్కర్లేదు. ముందుకే పోవాలి."

"ఎందాక?"

"నాలుగు ఛాన్సుల్లో పది గజాలు."

"పోతే ఏమిస్తరు?"

"ఇంకో నాలుగు ఛాన్సులు."

"ఎందుకు?"

"ఇంకో పది గజాలు పోవడానికి."

అతను నన్ను జాలిగా చూశాడు. "పది గజాలల్ల బాత్రూం గూడ రాదన్నా" అన్నాడు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, నాకు ఆట అర్థమైంది కూడా అంతవరకే అనిపించింది. కోచింగ్ సెంటర్లో కూడా నేను చాలా విషయాలు ఇలాగే బోధించేవాణ్ణి కాబట్టి పెద్దగా బాధపడలేదు.

మరో చిక్కు. ఈ ఆటకు హెల్మెట్ తప్పదు. అది పెట్టుకుని తమ్ముడు పరిగెత్తుతున్నప్పుడు లోపలి నుంచి గొణుగుడు వినిపించేది. ఆ మనిషి ఏం చదువుతున్నాడు, ప్రార్థనా అని కోచ్ అడిగాడు. కబడ్డీ కబడ్డీ అంటున్నాడు. వేరే ఆట పేరు తలుచుకుంటున్నాడని కోచ్‌కు చెప్పలేక, అవును ప్రార్థనే అన్నాను. కోచ్ గౌరవంగా తలూపాడు.

ఇంకోరోజు, ఎదుటివాణ్ణి పగవాణ్ణి గుద్దినట్టు గుద్దాలని కోచ్ చెప్పమన్నాడు. చెప్పాను. తమ్ముడు ఎదురుగా ఉన్నవాణ్ణి చూపించి, "గీడు, నేను ఒక్క డబ్బల తింటమన్నా. పగ ఏడికెల్లి తేవాలె?" అన్నాడు. ఎదుటివాడు, "నిన్న కోడిగుడ్డు నువ్వే తిన్నవ్ గదరా, నాకున్నది పగ. తీసుకోరాదు జర" అన్నాడు.

టీలు తాగేటప్పుడు కోచ్ తన కల చెప్పేవాడు. మీ దేశంలో ఇంతమంది జనం. ఇంటింటికీ టీవీ ఉంది. అందులో కొద్దిమంది కూర్చుని చూసినా మా దేశంలో చూసేవాళ్లను మించిపోతారు. లెక్క సరైనదే. చూడటానికి కూర్చున్నవాడికి ఏం జరుగుతోందో ఎవరు చెబుతారన్నదే నా అనుమానం. నాకు చెప్పడానికే ఒక మనిషిని విమానంలో పంపాల్సి వచ్చింది. ఆయనా రోజుకు కొంచెం కొంచెం చెప్పుకొస్తున్నాడు. క్రికెట్ మనకెవరూ ఇలా నేర్పినట్టు గుర్తులేదు. పుట్టేసరికే ఇంట్లో ఉంది. ఆ మాట అంటే కోచ్, "మంచి పాయింట్" అన్నాడు.

మ్యాచ్ రోజు వచ్చింది. బంద్ లేదు. ముందురోజు సాయంత్రం తమ్ముడు నా గుమ్మంలో నిలబడి, "రేపు డ్యూటీకి పోతలేనన్నా" అన్నాడు. ఉద్యోగం పోయినా సరేనా అని అడిగాను. "సరే గిరే లేదు. పోతలేను" అని పైకి వెళ్లిపోయాడు.

కెమెరాల వాళ్లు వచ్చారు. కొత్త జెర్సీలు ఇచ్చారు. మధ్యాహ్నం షిఫ్టు దిగినవాళ్లు ప్రహరీ గోడ మీద వరసగా కూర్చున్నారు. ఎవరి జట్టు ఏదో వాళ్లకు తెలియదు. ఎవరి చేతిలో బంతి ఉంటే వాళ్ల తరఫున అరవాలని తమలో తామే తీర్మానించుకున్నారు. తమ్ముడి భార్య టిఫిన్ డబ్బాతో వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుంది.

ఆట మొదలైంది. మొదలై ఆగింది. ఆటగాళ్లు గుంపుగా చేరి తలలు కలిపారు. విడిపోయి ఒకరి మీద ఒకరు పడ్డారు. మళ్లీ గుంపు.

"ఏమైందన్నా? లొల్లా?" అంది ఆవిడ.

"లేదమ్మా, మాట్లాడుకుంటున్నారు."

"ఇంటికాడ మాట్లాడుకొని రావొద్దా?"

ఊరంతా మీటింగులు నడుస్తున్న రోజులు కాబట్టి గోడ మీదివాళ్లు మాత్రం ఓపిగ్గానే ఉన్నారు. ఒకడు, "ఇగ తీర్మానం సదువుతరు సూడు" అన్నాడు.

చాలాసేపటి తర్వాత తమ్ముడి చేతికి బంతి వచ్చింది. ముందుకు దూకాడు. వెనక్కి తిరగలేదు. రెండు నెలల్లో ఆ ఒక్కటీ నేర్చుకున్నాడు. ఒకణ్ణి భుజంతో తోసేశాడు. రెండోవాడు నడుం పట్టుకున్నాడు. మూడోవాడు కాలు పట్టుకున్నాడు. తమ్ముడి మోకాలు నేలకు తగిలింది. మరొకడు వచ్చి వీపు మీద పడ్డాడు. కోచ్ విజిల్ ఊదాడు.

గోడ మీది అరుపుల్లో ఆ విజిల్ నాకే సగం వినిపించింది. ఆటగాళ్లకు అసలు వినిపించలేదు. తమ్ముడు ఆగలేదు, వాళ్లు వదల్లేదు. కబడ్డీలో పట్టుబడ్డవాడు గీత వైపు ఎలా పాకుతాడో అలా పాకడం మొదలుపెట్టాడు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, వీపు మీద ఒకడు, నడుముకు ఒకడు, కాలికి ఒకడు. ఇంకొకడు వచ్చి రెండో కాలు పట్టుకున్నాడు. ఆ నలుగురినీ ఈడ్చుకుంటూ పోతున్నాడు. సున్నం గీతలు ఒక్కొక్కటీ అతని ఛాతీ కింద చెరిగిపోతున్నాయి. గోడ మీదివాళ్లు లేచి నిలబడ్డారు. ఆవిడ డబ్బా కింద పెట్టి, కుర్చీ ఎక్కి, "గుంజు! గుంజు!" అని అరుస్తోంది. నేనూ అరిచాను. ఏమని అరిచానో తెలియదు. కెమెరాలో పడి ఉంటే అమెరికాలో ఎవరో విని ఉంటారు.

చివరి గీత మీద చెయ్యి పెట్టి, అక్కడే బోర్లా పడిపోయాడు. ఫ్యాక్టరీ గోడ మీది నుంచి జనం నేల మీదికి దూకారు. ఎత్తుకున్నారు. హెల్మెట్ మీద ముద్దులు పెట్టారు.

కోచ్ నా దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "అతనికి చెప్పు. నేను ఇక్కడికి వచ్చాక ఇలాంటిది చూడలేదు. కానీ లెక్కలోకి రాదు."

"అంటే?"

"మోకాలు తగిలిన చోటే ఆట అయిపోయింది. అక్కడ." వెనక్కి వేలు చూపించాడు. చాలా దూరం.

జనం మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లి, తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను. అతను మోచేతుల మీది రక్తాన్ని, నా ముఖాన్ని మార్చి మార్చి చూశాడు. "పడ్డంకనే గద అన్నా ఆట" అన్నాడు. నేను దాన్ని కోచ్‌కు ఇంగ్లీషులో చెప్పాను. కోచ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

సాయంత్రానికి మేనేజరు కాగితాలు పట్టుకుని వచ్చాడు. తమ్ముడు ఎంపికయ్యాడు. ఆవిడ కాగితం రెండు చేతులతో అందుకుని, "ఏం రాసిన్రన్నా దీంట్ల?" అంది.

"ప్లేయర్ అని రాశారమ్మా."

"ఏడ?" చూపించాను. ఆ మాట మీద వేలు పెట్టుకుని ఉంచింది.

అప్పుడు కోచ్ మిగతాది చెప్పమన్నాడు. నలుగురు పట్టినా ఆగని మనిషిని బంతి ఇచ్చి పరిగెత్తించడం వృథా. అతన్ని ముందు వరసలో పెడతారు. బంతి వెనక ఉన్నవాడి చేతిలో ఉంటుంది. ఎదుటివాళ్లు వాడి దాకా రాకుండా అడ్డం ఉండాలి. చాలా ముఖ్యమైన పని. అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అర్థమైందో లేదో తెలియక రెండోసారి కూడా చెప్పాను.

"మరి బాల్ నాకెప్పుడిస్తరు?" అన్నాడు తమ్ముడు.

కోచ్‌ను అడిగాను. "ఇవ్వం."

"ఎన్నడూ?"

మళ్లీ అడిగాను. కోచ్ తల అడ్డంగా ఊపాడు. దానికి అనువాదం అవసరం లేకపోయింది. మేనేజరు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పి పట్టుకున్నాడు. ఆవిడ మొగుడి వైపు చూస్తోంది, వేలు ఇంకా కాగితం మీదే ఉంది.

తమ్ముడు హెల్మెట్ తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"అడ్డం నిలవడుడు కంపెనీల నేర్సుకున్న గదన్నా. దానికి అమెరికా ఎందుకు?"